నాలుక మర్యాద

ఆ శనివారం పొద్దున వరదానం మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: బడిగంట కొట్టేలోగా బస్టాండు దగ్గర భార్యకు స్వెట్టరు కొనడం. డెబ్బై ఎనిమిది డిసెంబరు అది. ఏజెన్సీ కొండల మీంచి చలి దిగి నర్సీపట్నంలో కూర్చుంది. దాని వెనకే టిబెట్టువాళ్లు స్వెట్టర్ల మూటలతో దిగారు. ఊరంతా వాళ్లను నేపాలీలంటుంటే సోషల్ చెప్పే మాస్టారి ప్రాణం విలవిల్లాడుతోంది.

"వాళ్ల దేశంలో గౌరవంగా పలకరించాలంటే నాలుక చాపుతారట కృపా. వారపత్రికలో చదివాను," అన్నాడు కాఫీ తాగుతూ.

"స్వెట్టరు కొనడానికి నాలికెందుకండీ? నీలంరంగుది తెండి, చాలు," అంది కృపామణి.

ఆయన వినే రకం కాదు. దుకాణం ముందు నిలబడి, కాస్త వంగి, అరచేతులు రెండూ తెరిచి, నాలుక బారెడు బయటపెట్టాడు. సరిగ్గా అప్పుడే దుకాణం చూసుకుంటున్న పేమా అనే అమ్మాయి మూట విప్పడానికి కిందికి వంగింది. అవతల శాలువా బేరమాడుతున్న రామాయమ్మకు ఆ మర్యాద యావత్తూ దక్కింది. మాస్టారు అద్దెకుంటున్న ఇల్లు ఆవిడదే.

"ఏటి మాస్టారూ, నన్నేనా?"

"అబ్బే, ఇది గౌరవమండీ," అని మాస్టారు, నమ్మకం కుదరడం కోసం మరోసారి చాపాడు. సోడాబండి దగ్గరున్న తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు ఈ రెండోసారిని తీరిగ్గా చూశారు.

ఆయన బడికి చేరేసరికి రామాయమ్మ హెడ్మాస్టరు గదిలో కూర్చుని ఉంది. "వొయసులో పెద్దదాన్ని బాబూ. ఓపాలి సాపి ఊరుకున్నారా, మళ్లీ సాపినారు."

హెడ్మాస్టరు మంగరాజుగారు కళ్లజోడు తీశారు. "అసలేం చేశారో ఉన్నదున్నట్టు చూపించండి మాస్టారూ."

అడిగింది పై అధికారి. మాస్టారు చూపించాడు. అప్పుడే టీ గ్లాసుతో వచ్చిన అటెండరు దేవుళ్లు గుమ్మంలోంచే వెనుదిరిగాడు. రెండో పీరియడ్ అయ్యేలోగా "సోషల్ మాస్టారు హెడ్మాస్టరుగారికే నాలిక సాపీసినారు" అన్న కబురు అన్ని తరగతులకూ అందింది.

"వాళ్లనే అడుగుదాం పదండి. అబద్ధమైతే సంజాయిషీ రాసివ్వాలి," అన్నారు మంగరాజుగారు.

"సాయంత్రానికి నా ఇల్లు కూడా కాళీ సెయ్యాల," అంది రామాయమ్మ.

ముగ్గురూ బస్టాండుకు వెళ్లారు. పేమా విని తెల్లబోయింది. "మేం నమస్తే అంటాం. నేను పెరిగింది కర్ణాటక. నాలిక ఎప్పుడూ చూడలేదు," అంది వచ్చీరాని తెలుగులో.

క్రిస్మస్ పండగ ఇంకో వారంలో ఉందనగా, పెళ్లాంతో కలిసి మంచాలూ గిన్నెలూ రిక్షాకెక్కించడం మాస్టారి కళ్లకు కట్టింది.

అంతలో మూటల వెనక జపమాల తిప్పుకుంటున్న పేమా నాయనమ్మ గొడవేమిటని మనవరాలిని అడిగింది. సంగతి విని నెమ్మదిగా లేచింది. టోపీ తీసి, అరచేతులు తెరిచి, మాస్టారికేసి నాలుక చాపింది. ఆమె కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

"దేశం వదిలి ఇరవై ఏళ్లు. నాయనమ్మకి ఇలా నమస్తే ఎవరూ పెట్టలేదంట," అని పేమా ఆమె మాటలు ఒక్కొక్కటే తెలుగులోకి దింపింది. "పాతకాలం ఒక రాజు. చాలా చెడ్డ. నాలిక నలుపు. చచ్చి మళ్లీ పుట్టాడేమో అని అందరికీ భయం. అందుకని నాలిక చూపిస్తారు. నేను వాడు కాదు అని."

రామాయమ్మ కోపమంతా ఎటుపోయిందో గాని, గొంతు తగ్గింది. ఆవిడ నోట ఏ మాట వచ్చినా జరుగుతుందని గొలుగొండ దాకా ప్రతీతి. జీడితోట పూతకొస్తే ఆవిడ కంటపడనిచ్చేవారు కాదు.

"నన్నూ నల్లనాలిక మనిసంతారు తల్లీ," అని ముసలామె ముందు నిలబడి నాలుక చాపింది.

ముసలామె దాన్ని ఇటూ అటూ శ్రద్ధగా పరీక్షించి, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపింది.

"ఇన్నారా," అంది రామాయమ్మ హెడ్మాస్టరుతో. తర్వాత వరదానం వైపు తిరిగింది. "మాస్టారూ, ఇల్లు కాళీ సెయ్యడం వద్దు, ఏటీ వద్దు. ఈ రాజు కత బేగి మన ఈదిలో సెప్పండి."

సోమవారం ప్రార్థన వేళ మాస్టారు ఆ కథ బడి మొత్తానికీ చెప్పాడు. మధ్యాహ్నానికి హెడ్మాస్టరు నోటీసు బోర్డుకెక్కింది: "ఉపాధ్యాయులకు గౌరవము చూపదలచిన విద్యార్థులు ఇకమీదట నమస్కరించిన చాలును."