ఎర్రగండి లోయ చిరిగిన రోజు

ఉదయం ఎనిమిదింటికి ఎర్రగండి లోయ గాలికి నిలువునా చిరిగింది. చిరిగిన చోట తేరిపార చూస్తే అది లోయ కాదు, లోయ బొమ్మ వేసిన ఫ్లెక్సీ. నాలుగు వందల అడుగుల లోతున పెన్న పారవలసిన చోట చదునైన నేల ఉంది. దాని మీద రెండు మేకలు మేస్తున్నాయి.

పర్యాటక అధికారిణి హేమావతి పరుగున వచ్చి చూసింది. రాష్ట్రంలో ఉత్తమ దర్శనీయ స్థలాన్ని ఎంపిక చేసే కమిటీ పదకొండింటికి వస్తోంది. లోయ లేకపోతే లోయ మీద అధికారిణి కూడా అక్కర్లేదు.

ముందు తక్కినవి భద్రమేనా అని ఫోన్లు చేసింది. బొర్రా గుహలు ఉన్నాయి. పాపికొండలు నిన్న ఉన్నచోటే ఉన్నాయి. తలకోన జలపాతం వేసవి సెలవులో ఉంది, కానీ చీటీ ఇచ్చే వెళ్లింది. ఎర్రగండి ఒక్కటే చెప్పాపెట్టకుండా పోయింది.

పోయిన ప్రభుత్వ ఆస్తికి ఒక ఫారం ఉంది. కుర్చీల కోసం తయారైనదే గానీ లోయలకూ చెల్లుతుంది. ‘రంగు’ దగ్గర ఎరుపు అనీ, ‘కాళ్లు’ దగ్గర లేవు అనీ రాసింది. ‘చివరిసారి చూసినవారు’ దగ్గర కలం ఆగింది. సందర్శకులు పంపిన ఫొటోలన్నీ తిరగేసింది. ఆర్నెల్లలో వచ్చిన నలభై వేల మందీ లోయకు వీపు పెట్టి నవ్వుతున్నారు.

కాపలాదారును పిలిచింది.

"దస్తగిరీ, దీన్ని ఆఖరున చూసిందెవరయ్యా?"

దస్తగిరి తలగుడ్డ విప్పి చేత పట్టుకున్నాడు.

"ఎవురూ సూళ్లా మేడమ్. నేనే తీసేసినా. జనం ఫొటోలకని అంచుకు పోతారు, జారతారు. జారినప్పుడల్లా నాకో మెమో. ఇంకొకడు జారితే నిన్ను తీసేస్తామని రాస్తిరి. మీరు నన్ను తీసేలోపల నేనే లోయను తీసేసినా. చాప మాదిరి చుట్టి రేకుల షెడ్డులో పెట్నా. అప్పట్నుంచి ఒక్కడన్నా జారినాడా?"

"నాకు ఒక్క మాటైనా చెప్పొద్దా?"

"చెప్పుదామనే ఉంటి. పోయిన నెల మీరే తనిఖీకొచ్చి, దీని ముందర ఫొటో దిగి, లోయను ఎంత శుభ్రంగా పెట్టినావయ్యా అంటిరి. ఇంగ నోరు రాలా."

హేమావతి గడియారం చూసింది. తొమ్మిదిన్నర. ఫారం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"తప్పు నాదే మేడమ్, కాదన్ను," అన్నాడు దస్తగిరి, జేబులోంచి దబ్బనం తీస్తూ. "అసలుది తెచ్చి పరచాలంటే రెండు దినాలు పడతాది. మీరు ఈ కొస రోంత గట్టిగా పట్టుకుంటే, కమిటీ వచ్చేలోగా లోయ కుట్టేస్తా."