వెరైటీగా ఉన్న బ్రెడ్ స్టిక్స్

ఆ శనివారం పొద్దున ఆర్డిస్ లిండ్‌క్విస్ట్ చేసుకున్న ఏర్పాటులో తప్పు పట్టడానికేమీ లేదు. సాయంత్రం కాబోయే వియ్యంకులు వస్తున్నారు. కూతురు బ్రిట్టా పెళ్ళాడబోయే తొమాస్ తల్లిదండ్రులు న్యూ మెక్సికోలో విమానం ఎక్కి, మిన్నెసోటాలో దిగి, తిన్నగా ఇంటికే వస్తారు. వాళ్ళకు పరిచయం చేయడానికి చర్చి నుంచి పాస్టర్ నైగార్డ్‌ని, పక్కింటి లవాన్ దంపతులను పిలిచింది. తినడానికి కూరిన బ్రెడ్ స్టిక్స్. పులిసిన పిండిని పలచగా ఒత్తి, మధ్యలో చీజ్, హామ్ ముక్కలు, ఉల్లికాడలు పెట్టి, చుట్టి, మెలితిప్పి, వెల్లుల్లి వెన్న రాసి కాలిస్తే ఆ ఊళ్ళో కాదనే మనిషి లేడు.

"అమ్మా, వాళ్ళకి కారం లేకపోతే ముద్ద దిగదు," అంది బ్రిట్టా. "తొమాస్ వాళ్ళమ్మ తన పెరట్లో మిరపకాయలు కాల్చి పంపింది కదా, ఫ్రీజర్లో ఉన్నాయి. అవి వేసి చెయ్యి. ఆవిడ మురిసిపోతుంది."

ఆర్డిస్ ఆలోచనలో పడింది. ఆ వీధిలో పెళ్ళికి కొన్న మిరియాల డబ్బా మనవలు పుట్టేదాకా వస్తుంది. అందుకని రెండు పళ్ళేలుగా చేసింది. ఒకటి మామూలువి. రెండోది వియ్యంకుల కోసం, నిండా మిరపకాయలు కూరి. కలిసిపోకుండా కారంవాటి మీద నువ్వులు చల్లింది. వాళ్ళు వచ్చే వేళకి రెండు పళ్ళేలూ ఓవెన్లో పెట్టి, కాస్త చూస్తూ ఉండమని భర్త వర్లిన్‌కి చెప్పి, తల దువ్వుకోవడానికి వెళ్ళింది.

వర్లిన్ సాయం చేసే మనిషి. ఆ ఇంట్లో జరిగిన నష్టాల్లో చాలావాటికి అదే మూలం.

ఆర్డిస్ తిరిగి వచ్చేసరికి రెండు పళ్ళేలూ బల్లమీద ఘుమఘుమలాడుతున్నాయి. రెండింటిమీదా నువ్వులున్నాయి.

"వీటన్నిటిమీదా నువ్వులెవరు చల్లారు?"

"నేనే. సగం బోడిగా ఉన్నాయి. మనం పిసినారులమనుకోరూ?"

"ఆ నువ్వులే కదయ్యా గుర్తు! సరే, కారంవి పై అరలో పెట్టాను. పై అరలోవి ఏవి?"

"పైన మాడతాయేమోనని వాటిని కిందకి మార్చాను."

"అయితే కిందవి."

"తర్వాత కింద మాడతాయేమోనని మళ్ళీ పైకి మార్చాను."

"అయితే పైవే!"

"మధ్యలో బ్రిట్టా కూడా వచ్చి ఏదో మార్చినట్టుంది."

చెరో పళ్ళెంలోంచి ఒకటి విరిచి చూశారు. ఒకదాంట్లో ఉల్లికాడలు, ఒకదాంట్లో మిరపకాయలు ఉండాలి. కానీ చీజ్‌లో కరిగాక రెండూ ఒకే పచ్చదనం. బయట కారు ఆగిన చప్పుడైంది. ఆర్డిస్ ఏప్రన్ విప్పుతూ, "తిని చూడు, త్వరగా!" అంటూ తలుపు దగ్గరికి పరుగెత్తింది.

ఆవ తగిలితేనే చెమటలు పట్టే వర్లిన్, ఎడమ పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని, కళ్ళు మూసుకుని, దాని కొసను చిటికెన వేలి గోరంత కొరికాడు. కొసన ఉన్నది ఉత్త పిండి. "చప్పగా ఉంది. ఇవి మనవి," అని తేల్చి, ఆ పళ్ళేన్ని ఇరుగుపొరుగు ముందు, రెండోదాన్ని వియ్యంకుల ముందు స్వయంగా పెట్టాడు.

మొదట కొరికింది పాస్టర్ నైగార్డ్. పెట్టినదానికి వంక పెట్టకూడదని ఆ ఊళ్ళో నడక కంటే ముందు నేర్పుతారు. ఆయన నమిలాడు, ఆగాడు, మింగాడు. చెవులు రెండూ దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాయి.

"ఎలా ఉన్నాయి పాస్టర్ గారూ?" అంది ఆర్డిస్.

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. "వెరైటీగా ఉన్నాయమ్మా."

ఆ ఊళ్ళో తిండి గురించి అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆర్డిస్ మనసు చివుక్కుమంది. మొదటిది సరిగ్గా కాలలేదేమోనని ఇంకోటి ఆయన చేతిలో పెట్టి, తినేదాకా అక్కడే నిలబడింది. పాస్టర్ తిన్నాడు. పక్కన లవాన్, ఆమె భర్త ఓరిన్ కూడా తిన్నారు. తమ నాలుకకే ఏదో అయిందని ఎవరికి వారు అనుకున్నారు. పక్కవాళ్ళు మారుమాట్లాడకుండా తింటుంటే తాము మాత్రం ఎలా మానేస్తారు? లవాన్ ముక్కు తుడుచుకుంది. ఓరిన్, అరవై దాటిన మనిషి, "కాసిని పాలుంటాయా?" అని గొణిగాడు.

సోఫాలో తొమాస్ తల్లి రమోనా ఒకటి తిని, పక్కనే కూర్చున్న కొడుకు వైపు వంగింది. "ఒరేయ్, నేను పంపిన మిరపకాయలు మీ అత్త చెత్తబుట్టలో పారేసిందా?"

"లేదమ్మా, ఇవి వాటితో చేసినవే."

"ఇవా? ఆసుపత్రిలో పథ్యం దీనికంటే నయం. అవి కాల్చి తొక్క తీసి నా వేళ్ళు మండిపోయాయిరా! ఇష్టం లేకపోతే లేదని చెప్పాలి గాని ఇదేం మర్యాద?"

"ఊరుకోవే, వింటారు," అన్నాడు ఆమె భర్త ఎలోయ్ బాకా. మాట మళ్ళించాలంటే శుభవార్త చెప్పడమే దారి అనుకుని, గ్లాసు పట్టుకుని లేచాడు.

"మేం పిల్లల కోసం మా ఊళ్ళో ఇల్లు కట్టించాం. మా ఇంటికి గోడ అవతలే. పెళ్ళవగానే బ్రిట్టాని మాతో తీసుకెళ్ళిపోతాం!"

ఈ సంగతి తల్లికి రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని వాయిదా వేస్తున్న బ్రిట్టా తల దించుకుంది. ఆర్డిస్ చేతిలో పళ్ళెంతో నిలబడిపోయింది. ఒక్కగానొక్క కూతురు. ఏం చెయ్యాలో తోచక, అలవాటుగా చెయ్యి ముందుకు వెళ్ళి పళ్ళేన్ని ఓరిన్‌కి చాపింది. ఓరిన్ రెండు చేతులూ ఎత్తి, నీళ్ళు కారుతున్న కళ్ళతో తల అడ్డంగా ఊపాడు.

"వద్దు... వద్దమ్మా... మీకు పుణ్యముంటుంది, వద్దు!"

ఎలోయ్ గ్లాసు దించాడు. గదంతా చూశాడు. పాస్టర్ చెంపల మీద ధారలు. లవాన్ రుమాలులో మొహం దాచుకుని ఎగశ్వాస తీస్తోంది. ఓరిన్ ఇంకా చేతులు ఎత్తే ఉన్నాడు.

"మీ ఉత్తరపు రాష్ట్రం వాళ్ళు రాతిమనుషులు, ఏదీ పైకి కనబడనివ్వరు అన్నారు మాకు," అన్నాడు ఎలోయ్. "ఒక ఆడపిల్ల కోసం ఊరు ఇలా ఏడవడం నేనెక్కడా చూడలేదు. ఈ పిల్లను మీ మధ్య నుంచి లాక్కెళ్తే దేవుడు నన్ను క్షమించడు. ఆ ఇల్లు అమ్మేస్తాను. పిల్లలు ఇక్కడే ఉంటారు. కొడుకుని వదిలి మేం మాత్రం అక్కడెందుకు? మేమూ ఇక్కడికే వచ్చేస్తాం!"

పాస్టర్ గట్టిగా చప్పట్లు కొట్టాడు. దానికి నాలుకతో పనిలేదు. బ్రిట్టా, తొమాస్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్రిట్టా భోరుమంది. ఎలోయ్ దాన్ని ఆనందం అనుకున్నాడు.

వంటింట్లోకి వచ్చిన ఆర్డిస్ పళ్ళెంలో మిగిలినదాన్ని మధ్యకి విరిచి కొరికింది. మరుక్షణం కుళాయి కింద నోరు పెట్టింది.

"ఏమైంది?" అన్నాడు వెనకే వచ్చిన వర్లిన్.

"ఇవి ఆవిడ మిరపకాయలు!"

"నేను తిని చూశానే!"

"కొస కొరికావు మహానుభావా! వాళ్ళు ఏడ్చింది మన పిల్ల కోసం కాదు, దీనివల్ల!"

వర్లిన్ "చెప్పేద్దామా?" అన్నాడు.

ఆర్డిస్ అబద్ధమాడే మనిషి కాదు. నిజం చెప్పడానికి తొందరేముంది అనుకునే మనిషి కూడా కాదు, ఆ నిమిషం దాకా. చెబితే కూతురు ఆ ఎడారిలో, అత్తగారి గోడ అవతల ఉంటుంది. చెప్పకపోతే ఒక అమాయకుడు ఇల్లు అమ్ముకుంటాడు. మొహం తుడుచుకుంటూ ఇంకా ఎటూ తేల్చుకోకముందే రమోనా లోపలికి వచ్చింది. బల్లమీదున్న సగం ముక్క తీసుకుని, నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలింది.

"నా మిరపకాయలే," అంది. తలుపు సందులోంచి ముందుగదిలోకి చూసింది. పాస్టర్ పాలగ్లాసులో నాలుక ముంచి కూర్చుని ఉన్నాడు. "అంటే, వాళ్ళెవరూ పిల్ల కోసం..."

"కాదండీ," అంది ఆర్డిస్. "తప్పు మాదే. ఇప్పుడే వెళ్ళి మీ ఆయనకి చెప్పేస్తాను."

రమోనా వెళ్ళి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"చెప్పావంటే ఊరుకోను వదినా. మా ఊళ్ళో నాకు ఆరుగురు ఆడపడుచులు. ఏ పూట చూసినా ఎవరో ఒకరు నా వంటింట్లో మూతలు తీసి చూస్తూనే ఉంటారు. పెళ్ళైన నాటి నుంచి ఎటైనా పోదాం పద అని మొత్తుకుంటుంటే కదలని మనిషి, ఇవాళ కదిలాడు. నా పొట్ట కొట్టకు."

ఆర్డిస్ ఆమెను ఒకసారి తేరిపార చూసింది. తర్వాత మిగిలిన ముక్కలు కాగితంలో చుట్టి చెత్తలో వేసింది. కనబడకుండా పైన వాడేసిన కాఫీ పొడి పోసింది రమోనా.

వేసవికల్లా బాకా దంపతులు అదే వీధిలో ఇల్లు కొనుక్కున్నారు. ఎదురింటి పైవాటా బ్రిట్టాకీ తొమాస్‌కీ కుదిర్చారు. వియ్యపురాళ్ళిద్దరికీ ఎంత పొసగిందంటే, పొద్దున్నే కలిసి నడకకు వెళ్ళేవారు, వచ్చేటప్పుడు కలిసే బ్రిట్టా ఇంట్లోకి వెళ్ళేవారు, కలిసే ఆమె వంటింటి అలమరలు సర్దేవారు. పరదాలు మార్చారు. కొత్త దంపతుల మంచం ఏ గోడకి వేయాలో చర్చించుకున్నారు. వర్లిన్ చెప్పకుండానే వచ్చి కుళాయిలు బాగుచేసేవాడు.

ఆకులు రాలేలోపే బ్రిట్టా, తొమాస్ అలాస్కాలో ఉద్యోగాలు చూసుకుని వెళ్ళిపోయారు. అక్కడ చలి ఇంకా ఎక్కువట గాని, చుట్టాలు లేరట.