మామగారి కుర్చీ దగ్గర గోధుమ

చచ్చిపోయినవాళ్ల పండుగ నాడు ఒత్తావియా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి తనిఖీ అధికారి వచ్చి బల్లలు పరీక్షించి సంతకం పెడతాడు, పదింటికి తను సమాధులకు పూలు పట్టుకెళుతుంది. గోధుమ పడని కూతురి కోసం ఆమె పోయిన మామగారి పాత బేకరీని కడిగించి, ఆయన పొయ్యికి అడ్డంగా గోడ కట్టించి, మూడేళ్లుగా మొక్కజొన్న రొట్టెలే కాలుస్తోంది. గోధుమ జాడ లేదని చెప్పే ‘గ్లూటెన్ రహితం’ ముద్ర ఈ ఏడు రాకపోతే, ఇప్పుడు ఆ రొట్టె అమ్ముతున్న మందుల షాపులు దాన్ని ముట్టవు, బేకరీ మూతపడుతుంది.

అధికారి నెరియో బల్లను దూదిపుల్లతో తుడిచి, పరీక్ష పట్టీ ముంచాడు. ఒక గీత వస్తే శుభ్రం. రెండోది కూడా మెల్లగా ఎర్రబడింది.

“గోధుమ ఉందమ్మా.”

“ఈ గుమ్మంలోకి గోధుమొచ్చి మూడేళ్లయింది! ముందు మీ మీసం చూసుకోండి. పొద్దున్నే ఏం తినొచ్చారు?”

నెరియో ముఖం జేవురించింది. అయినా మీసం కడుక్కుని, కోటు బయట పెట్టి, లోపలికొచ్చేవాళ్లంతా పెట్టుకోవాల్సిన టోపీ తలకు సర్దుకుని వచ్చాడు. ఒత్తావియా బల్లనీ నేలనీ మూడుసార్లు కడిగింది. ఈసారి అంతటా ఒకటే గీత, చివరనున్న మామగారి కుర్చీ ముందు తప్ప. అక్కడ కడిగినకొద్దీ రెండో గీత ఇంకా ఎర్రగా వస్తోంది. ఆ కుర్చీ దగ్గర చలిగా కూడా ఉంది.

కేకలు విని అత్తగారు గెసువాల్డ సంచీతో వచ్చింది. “పోయినవాళ్లు వచ్చి తింటారని రాత్రి మీ మామయ్యకి పళ్లెం పెట్టింది అక్కడేనే.”

“అందరూ ఇంట్లో పెడతారు కదత్తయ్యా! ఇక్కడెందుకు పెట్టారు?”

“బతికున్నప్పుడు మాత్రం ఇంట్లో తిన్నాడా?”

“కొంప ముంచారు! గోధుమ రొట్టేనా?”

“నాకామాత్రం తెలీదా? నీ రొట్టే పెట్టా.” సంచీలోంచి పళ్లెం తీసి బల్లమీద పెట్టింది. రొట్టె ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. నెరియో దాన్నీ పరీక్షించాడు. ఒకటే గీత.

అప్పుడు ముగ్గురూ కిందికి చూశారు. ఇందాక కడిగిన నేలమీద తెల్లటి పిండి అడుగులు. పొయ్యి గోడ దగ్గర మొదలై కుర్చీ దాకా వచ్చాయి. వెనక్కి వెళ్లినవి లేవు.

“ఆయన మొక్కజొన్న ముట్టడే. తనది తనే తెచ్చుకున్నాడు,” అంది అత్తగారు, కాస్త గర్వంగానే.

ఒత్తావియాకు భయంకంటే కోపమే ఎక్కువైంది. ఖాళీ కుర్చీవైపు తిరిగి, “మీ మనవరాలు తినేది ఇదే మామయ్యా! ఒక్కసారి కొరికి చూస్తే మీ సొమ్మేం పోయింది?” అంది.

పళ్లెంలో ముక్క ఓ మూల అర్ధచంద్రంలా తరిగింది. కాసేపటికి ఇంకో మూల. నేలమీద అడుగులు ఒక్కొక్కటే చెరిగిపోయాయి.

నెరియో బల్ల మళ్లీ తుడిచాడు. ఒకటే గీత. ముద్ర వేసి, సంతకం పెట్టి, ‘బయటివారి ప్రవేశం’ అన్న గడిలో “ఒకరు, తలకు టోపీ లేదు” అని రాశాడు.