మేడమీది గదిలో ఖాళీ కుర్చీ

ఉద్యోగం మానేసి, మేడమీది గదికి 'లైఫ్ కోచ్' అని బోర్డు తగిలించిన కోడలికి ఆ ఉదయం ఒకటే పని: అత్తగారి నోరు మూయించడం.

"ఆటా లేదు, పాటా లేదు, నువ్వు దేనికి కోచ్‌వే?" అంది అత్తగారు. "ఇవాళ ఒక్క మనిషైనా బాగుపడి ఆ మెట్లు దిగాలి. లేకపోతే గది అద్దెకిచ్చేస్తా."

"దర్జీ వస్తున్నాడు అత్తయ్యా, మీరే చూద్దురుగాని."

దర్జీకి చనిపోయిన అన్నతో తీరని తగవు ఒకటి ఉంది. కోడలు అతని ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, అందులో అన్న ఉన్నాడనుకుని మనసులో మాట చెప్పమంది. దర్జీ కాసేపు సిగ్గుపడి, ఒక్కసారిగా భోరుమన్నాడు.

"అన్నయ్యా, గుమ్మంలోంచే పంపేశాను నిన్ను. ఇప్పుడైనా కూర్చో!"

పక్క డాబా మీద బట్టలారేస్తున్న ఆవిడ ఆ మాట విన్నది. దర్జీ అన్న పోయాడని ఆవిడకి తెలుసు. తడిబట్టలు వదిలేసి కిందికి పరుగెత్తింది.

మధ్యాహ్నానికి మెట్లనిండా జనం. అందరి చేతుల్లో పోయినవాళ్ల ఫొటోలు.

"నేనెవర్నీ పిలవనండీ!" కోడలు మొత్తుకుంది. "ప్రశ్నలడుగుతానంతే. జవాబు మీలోంచే వస్తుంది."

"మాలోకే వస్తారా?" ఒకావిడ వణికిపోయింది.

"అయ్యో, భయపడకండి. నేను మీ వెంటే ఉంటాను."

"మీరు కూడానా?"

ఆ గొడవ విని అత్తగారు పైకొచ్చింది. "అంతా బూటకం, ఇప్పుడే తేలుస్తా" అంటూ జనాన్ని తోసుకుని లోపలికెళ్లి, కుర్చీ ఎదుట కూర్చుంది.

"ఏమండోయ్, ఉన్నారా?" అంది పోయిన భర్తనుద్దేశించి, వెటకారంగా. తర్వాత గొంతు సన్నబడింది. "చెప్పకుండా పోయారేం?"

గది చల్లబడింది. అత్తగారు తల పక్కకి వాల్చి చాలాసేపు విన్నది. "సరే... సరేలెండి" అంటూ, కొత్త పెళ్లికూతురిలా నవ్వింది.

అత్తగారు కళ్లు తుడుచుకుని లేచింది. "గది నీదే. అద్దెకివ్వొద్దన్నారు."

"అది మీ మనసులోని మాటే అత్తయ్యా."

"నా మనసులో మాట అద్దెకిమ్మనే కదే!"

అందరూ వెళ్లాక కోడలు కుర్చీని గోడవైపు జరపబోయింది. కదల్లేదు. రెండు చేతులా లాగినా కదల్లేదు. గుమ్మం వైపు ఓసారి చూసి, "మామయ్యగారూ, కాస్త లేస్తారా?" అంది చిన్నగా.

కుర్చీ దూదిలా తేలింది.

ఆ తర్వాత ఆమె వృత్తిని నమ్మని మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కరే మిగిలారు. అది, జవాబు మనిషిలోంచే వస్తుందని ఇక అనలేని కోడలే.