ముడుపులో చిక్కిన ఏనుగు

ఆ ఆదివారానికి నాచిముత్తు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇడ్లీలు తినాలి. తొమ్మిదింటికి కరూరులోని నాణేలు పోగేసేవాళ్ళ సమావేశానికి వెళ్ళాలి. చెన్నై నుంచి ఏడాదికోసారి వచ్చే పాత నాణేల నిపుణురాలు ఆదిరై అమ్మగారికి తన నాణెం చూపించి, మీసం మెలేసుకుంటూ ఇంటికి రావాలి.

మీసం గురించి చెప్పకపోతే కథ అర్థం కాదు. ముప్పై ఐదేళ్ళు బస్సులకు రంగులు వేసిన మనిషి నాచిముత్తు. అన్నాళ్ళలో ఒంటిమీద రంగు పడని చోటు ఆ మీసమొక్కటే. పోయిన నెల అమరావతి నది ఇసుకలో అతనికి గోరంత రాగి నాణెం దొరికింది. అరిగి అరిగి నున్నబడిపోయింది. "ఒక పక్క విల్లు, ఇంకో పక్క ఏనుగు. చేర రాజులది!" అన్నాడు. "సోడా సీసా మూత బావా అది" అన్నాడు దుప్పట్ల వ్యాపారి వెళ్ళియంగిరి. మాటా మాటా పెరిగి, చేరులది కాకపోతే మీసం తీసేస్తానని నాచిముత్తు పందెం కాశాడు. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

మట్టి వదులుతుందని రాత్రి నాణేన్ని కొబ్బరినూనె గిన్నెలో నానేశాడు. పొద్దున చూస్తే గిన్నెలో నూనె మాత్రమే ఉంది.

"తులసీ! ఇందులో నాణెం ఏది?"

"ముడుపు కట్టేశానండీ" అంది భార్య తులసిమణి, పసుపు చేతులతో. "మీ మీసం దక్కితే ఇచ్చుకుంటానని మారియమ్మకు మొక్కుకున్నాను. అందరూ ఫోనుతోనే డబ్బులిస్తుంటే ఇంట్లో చిల్లర ఎక్కడ ఏడ్చింది? దేవుడిలా అదొక్కటి కనబడింది."

"విప్పవే తల్లీ! వేరే నాణెం వేస్తాను."

"అమ్మవారితో మారకమా? కోరిక తీరకుండా విప్పితే కళ్ళు పోతాయి."

"అది చూపిస్తేనే కదే మీసం దక్కేది!"

"మీసం దక్కితేనే కదండీ అది విప్పేది!"

అరగంట అరిచినా వాళ్ళిద్దరూ అక్కడి నుంచి అంగుళం కదల్లేదు. చివరికి ఆవిడ ముడుపు కొంగున కట్టుకుని పూజారి దగ్గరికి బయల్దేరింది. నాచిముత్తు ఆవిడ వెనకాల పరుగెత్తాడు. సంగతి తెలిసి సమావేశం మొత్తం గుడికే వచ్చేసింది.

ముడుపును పైనుంచి తడిమి చూడవచ్చని పూజారి సెలవిచ్చాడు. ఇరవై మంది వరసగా తడిమారు.

"తొండం తగులుతోంది!" అన్నాడొకాయన.

"అది ముడి అయ్యా!" అంది తులసిమణి.

"అంచున పళ్ళున్నాయి. సోడా మూతే" అన్నాడు వెళ్ళియంగిరి.

ఆదిరై అమ్మగారు పసుపంటిన వేళ్ళు తుడుచుకుని గడియారం చూసుకుంది. "గుడ్డను చూసి నేను ఏ రాజు పేరూ చెప్పలేను. పదకొండు గంటల బస్సుకు వెళ్ళిపోవాలి. వచ్చే ఏడాది చూద్దాం."

"ఏడాది గడువిస్తాలే బావా" అన్నాడు వెళ్ళియంగిరి దయగా. "అప్పటిదాకా మీసానికి బాగా నూనె రాసుకో."

ఆ దయ నాచిముత్తుకు కారం రాసినట్టుంది. ఏడాదంతా వీధిలో ఎదురైన ప్రతివాడూ తన మూతి వంక చూసి నవ్వుకోవడం కళ్ళముందు మెదిలింది. అంతకంటే, ఆ నాణెం మీద ఉన్నదేమిటో తెలియకుండా ఏడాది నిద్రపట్టడం కల్ల.

"పూజారిగారూ, కోరిక తీరకపోతే ముడుపు ఎవరిది?"

"తీరకపోతే అమ్మవారికి హక్కేముంది? ఇంటివాళ్ళు విప్పుకోవచ్చు."

నాచిముత్తు గుడి పక్కన తలనీలాలు తీసే మారప్పన్ ముందు వెళ్ళి కూర్చున్నాడు. "మీసం తీసెయ్!"

"మీసం కోసం ముడుపు కడితే, ముడుపు కోసం మీసమా?" అని తులసిమణి నెత్తి బాదుకుంది. మారప్పన్ కత్తికి అదంతా తెలియదు. రెండు గీతల్లో ముప్పై ఐదేళ్ళు కిందపడ్డాయి. అద్దంలో కనిపించిన మనిషిని నాచిముత్తు గుర్తుపట్టలేకపోయాడు. నిజంగానే ఏడుపొచ్చింది.

పది నలభైకి ముడుపు విప్పారు. నూనెలో రాత్రంతా నాని, ఇరవై జతల చేతుల్లో నలిగి, నాణెం మీది మట్టి పసుపుగుడ్డకు అంటుకుపోయింది. ఆదిరై అమ్మగారు దాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టింది. భూతద్దం పెట్టింది. తిప్పి చూసింది.

"విల్లు. ఇదిగో ఏనుగు. చేరులదే, సందేహం లేదు."

వెళ్ళియంగిరి మొహం మాడిపోయింది. నాచిముత్తు ఎగిరి గంతేసి, అలవాటు కొద్దీ చెయ్యి మూతి మీదికి పోనిచ్చి, అక్కడ ఏమీ దొరక్క ఆగిపోయాడు.

"అయితే గెలిచారన్నమాట" అన్నాడు పూజారి నిదానంగా. "అమ్మవారు మీసం కాపాడినట్టే. మీరే తొందరపడ్డారు." తులసిమణి లెంపలు వేసుకుని, భర్త నోరు తెరిచేలోగా నాణేన్ని హుండీలో వేసేసింది.

మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. చేర నాణెం కనుగొన్న నాచిముత్తు అని పెద్ద ఫోటో వేశారు. ఊరంతా ఆ ఫోటోలో మూతి చూసింది. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చిన ఆవిడ కూడా గొంతు తగ్గించి ఓదార్చింది.

"పోనీలే అన్నా, పేపరోళ్ళకేం తెలుసు, ఏదో రాస్తారు. పందెం ఓడిపోయారని మూతి చూస్తేనే తెలుస్తోంది కదా!"