నాలుగు తీగల వ్యాయామం

ఆ రోజు ఉదయం స్టోర్‌కీపర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బేస్ వాయిద్యాన్ని భుజాన వేసుకుని మామూలుకంటే అరగంట ముందే ఆస్పత్రికి చేరాలి. స్టోరు గది తలుపు వెనక దాన్ని నిలబెట్టాలి. సాయంత్రం ఐదు కాగానే తీసుకుని, వరండాకి అటువైపున్న ఎక్స్‌రే విభాగానికి వెళ్లిపోవాలి. ఎక్స్‌రే టెక్నీషియన్ నడిపే పాటల బృందంలో బేస్ వాయించేవాళ్లు లేరు. ఐదింటికి ఈయన వాయింపు విని చూస్తామన్నారు. "ఇవాళ కుదరకపోతే మాత్రం ఇంకొకళ్లని చూసుకుంటాం బాబాయ్. శనివారం ప్రోగ్రాం ఉంది," అని టెక్నీషియన్ ముందే చెప్పేశాడు.

అసలు ఆయన మనసు పడింది పెద్ద చెక్క బేస్ మీద. అది మనిషికంటే ఎత్తు, బీరువాకంటే లావు. "అది లోపలికి వస్తే నేను బయటికి పోవాలి. ఇద్దరికీ చోటు లేదు," అని భార్య తేల్చి చెప్పింది. అందుకని దొరికినవాటిలోకెల్లా చౌకైన ఎలక్ట్రిక్ బేస్ కొనుక్కున్నాడు. దానికి పొట్ట లేదు. పొడవాటి నల్లటి పలక, దాని మీద నాలుగు తీగలు, నేల మీద ఆన్చడానికి ఎత్తు మార్చుకునే ఇనుప కాలు, ఛాతీకొకటి మోకాలికొకటి ఆనుకునేలా రెండు వంపు కమ్మీలు, పక్కన రెండు గుండ్రటి మీటలు, అంతే. స్పీకరుకి తగిలించకపోతే దాని గొంతు పక్క మనిషికి కూడా వినపడదు.

ఏడు నెలలుగా రోజూ పొద్దున్నే ఆయన దానికి ఫోను తగిలించి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, దాన్ని వాటేసుకుని, పాటలతోపాటు ఊగుతూ సాధన చేస్తున్నాడు. ఇంట్లోవాళ్లకి ఆ ఊగడం కనపడుతుంది తప్ప ఏమీ వినపడదు.

"ఏమండీ, పెళ్లయి ఇన్నేళ్లయింది. ఒక్కరోజైనా నన్నలా కళ్లు మూసుకుని పట్టుకున్నారా?" అంది భార్య ఆ ఉదయం కూడా.

"నీకు తెలీదే. నా చెవిలో ఎంత బాగా పలుకుతోందో! అచ్చం రికార్డులో విన్నట్టే ఉంది."

"పలికితే పలికింది గానీ, కాఫీ చల్లారిపోతోంది."

ఆస్పత్రిలో ఆయన్ని అందరూ చీటీల బాబాయ్ అంటారు. ఆయన పెట్టిన నియమాలు రెండు. ఎవరూ సొంత వస్తువులు తెచ్చి లోపల పెట్టకూడదు. చీటీ లేని వస్తువు ఎక్కడ కనపడినా గంటలోగా చీటీ అంటించి, అడిగిన విభాగానికి పంపెయ్యాలి. ఇందులో తనా పరా లేదు. ఒకసారి సూపరింటెండెంట్ గారి టెన్నిస్ రాకెట్ వరండాలో దొరికితే, చీటీ అంటించి పిల్లల వార్డుకి పంపించాడు. ఆ సంగతి రెండు వారాలు నోటీసు బోర్డు మీద కూడా ఉంది. అలాంటి మనిషి మొదటిసారి నియమం తప్పి, తలుపు వెనక నల్ల సంచీ దాచి, దాని మీద ఒక దుప్పటి కప్పాడు.

తొమ్మిదింటికి ఆపరేషన్ థియేటర్ నుంచి కబురొచ్చింది. చేతి తొడుగుల లెక్క తేలడం లేదని. అక్కడ గంటన్నర పట్టింది. తిరిగి వచ్చేసరికి తలుపు వెనక దుప్పటి నీటుగా మడత పెట్టి ఉంది. సంచీ లేదు.

"ఇక్కడో నల్ల సంచీ ఉండాలే?" అన్నాడు సహాయకురాలితో. ఆవిడ చేరి మూడు నెలలే అయింది. పనంతా ఆయన దగ్గరే నేర్చుకుంది.

"ఉంది సార్. చీటీ లేదు. విప్పి చూశా. ఫిజియోథెరపీ మేడమ్ భుజాలకీ వేళ్లకీ వ్యాయామం చేయించే మిషను కావాలని ఎనిమిది నెలలుగా మొత్తుకుంటున్నారుగా, అదే వచ్చిందనుకున్నా. అరగంటలో పంపేశా!"

"ఎవరి సంతకంతో?"

"మీదే సార్. మీరు ముందే సంతకాలు పెట్టి ఉంచిన పుస్తకం ఉందిగా." ఆవిడ కాసేపు ఎదురుచూసింది. "ఎప్పుడూ మెచ్చుకోరు. ఈసారన్నా బాగుందనండి సార్."

"బాగుంది," అన్నాడాయన.

ఫిజియోథెరపీ గదిలో పదిమంది వరుసగా కూర్చుని ఉన్నారు. గది మధ్యలో, ఒక పెద్దావిడ బేస్‌ని గుండెకి హత్తుకుని నిలబడింది. ముప్పై ఏళ్లు కుట్టు టీచరుగా చేసి రిటైరైన మనిషి. మణికట్టు విరిగి, కట్టు విప్పి మూడు వారాలైనా వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి.

"ఛాతీకి బాగా ఆనించండి. మోకాలు తగలాలి. ఆఁ, లాగండి. సన్న తీగ పదిసార్లు, పక్కది పదిసార్లు," అంటోంది ఫిజియోథెరపీ మేడమ్. ఈయన్ని చూడగానే ఎదురొచ్చింది. "రండి బాబాయ్ గారూ! ఎనిమిది నెలలుగా మిమ్మల్ని తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నా. ఎంత తెలివిగా చేశారండీ దీన్ని! నాలుగు తీగలు, నాలుగు బరువులు. మొదటి వారం సన్నది, నాలుగో వారం లావుది. చార్టు కూడా రాసేశా."

"మేడమ్, దాన్ని ఇంకా పరీక్ష చెయ్యలేదు..."

"నేను చేశాగా! ఈవిడ చూపుడువేలు ఇవాళే వంగింది."

"వంగడమేంటి, సూదిలో దారం ఎక్కించేటట్టు వంగింది," అంది పెద్దావిడ తీగ లాగుతూనే. "చల్లగా ఉండు నాయనా."

ఇప్పుడు ఇది నాది అని చెప్పాలంటే, నియమం తప్పానని పదిమంది ముందు ఒప్పుకోవాలి.

"ఈ మీటలెందుకండీ?" అని అడిగింది మేడమ్. "ఒకటేమో సున్నా మీద ఉంది. రెండూ చివరిదాకా తిప్పేశా. ఏమీ తేడా లేదు."

ఆయన జవాబు వెతుక్కునేలోపే సూపరింటెండెంట్ గారు లోపలికి వచ్చారు, తనిఖీకి వచ్చిన ఇద్దరు అధికారులను వెంటబెట్టుకుని. మేడమ్ ముచ్చటగా వివరించింది. అధికారులు చెరో తీగా లాగి చూసి, తలలూపారు.

"ఎవరు తెప్పించారు?"

"మా స్టోర్‌కీపర్ గారే," అంది మేడమ్.

"శభాష్! ఇలాంటివి ఇంకో పది తెప్పించండి," అన్నారు సూపరింటెండెంట్ గారు. అంతలో ఆయన చూపు పలక మీద పడింది. "మరి ఆస్పత్రి నంబరేదీ? నంబరు లేని వస్తువుని వాడకూడదని మా అందరికీ పాఠాలు చెప్పేది మీరేగా? రాయండి. మా ఎదురుగానే రాయండి."

సహాయకురాలు పరుగెత్తుకెళ్లి తెల్లరంగు డబ్బా, కుంచె తెచ్చింది. పిలవకుండానే తెచ్చింది, అంత బాగా పని నేర్చుకుంది. ఏడు నెలలుగా మెత్తటి గుడ్డతో తప్ప తుడవని ఆ నల్లటి పలక మీద ఆయన తన చేత్తోనే 'ఫి.థె. 47' అని రాశాడు.

"ఏడుకి తోక కాస్త పొడుగైంది," అన్నాడు ఒక అధికారి.

మధ్యాహ్నం మూడింటికి ఆయన ఒక అబద్ధం కూడదీసుకుని మళ్లీ వెళ్లాడు. అబద్ధాలు అలవాటు లేని మనిషి కాబట్టి దాన్ని దారిలో రెండుసార్లు అప్పజెప్పుకున్నాడు. "మేడమ్, తయారు చేసినవాళ్లు ఫోన్ చేశారు. ఏదో మర బిగించడం మర్చిపోయారట. ఈ పూటకి వెనక్కి తీసుకెళ్తా."

"అయ్యో, నంబరివ్వండి, వాళ్లతో నేనే మాట్లాడతా. మనిషినే ఇక్కడికి పంపమంటా. ఇప్పుడు దీన్ని కదిలిస్తే నన్ను బతకనిస్తారా?" అంటూ ఆవిడ వరండా చూపించింది. వరస మెట్లదాకా ఉంది. భుజం నొప్పని క్యాంటీన్ వంటాయన కూడా గరిటె పట్టుకుని నిలబడ్డాడు. సహాయకురాలు టోకెన్లు ఇస్తోంది. పెద్దావిడ నాలుగో టోకెన్ తీసుకుని మళ్లీ వరసలో నిలబడింది.

నాలుగున్నరయింది. తనిఖీ అధికారులతో ఫొటో తీయిద్దామని సూపరింటెండెంట్ గారు మళ్లీ వచ్చారు. అందరూ బేస్ చుట్టూ సర్దుకుని నవ్వుతున్న సమయానికి ఎక్స్‌రే టెక్నీషియన్ తలుపులోంచి తల పెట్టాడు.

"ఇక్కడున్నావా బాబాయ్! స్టోరంతా వెతికా. ఓహో, నీ బేస్ ఇక్కడ పెట్టావా?"

"బేస్ ఏంటి?" అన్నారు సూపరింటెండెంట్ గారు.

"వాయిద్యం సార్. పాటలకి వాయిస్తారు. బాబాయ్ సొంతది."

చీటీల బాబాయ్ ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "నాదే సార్. తప్పు కూడా నాదే. నా నియమం నేనే దాటాను. ఐదింటికి నన్ను విని చూస్తామన్నారు. జీవితంలో నన్ను ఎవరైనా వింటామనడం ఇదే మొదటిసారి. పొద్దున్నుంచి చెప్పాలనే చూస్తున్నా, నోరు రాలేదు."

సూపరింటెండెంట్ గారి కళ్లలో ఒక టెన్నిస్ రాకెట్ మెదిలినట్టు అందరికీ అనిపించింది.

"నన్ను నోటీసు బోర్డెక్కించిన మనిషి," అన్నారాయన, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఐదుదాకా ఎందుకు? వాయించండి, మేమూ వింటాం."

వ్యాయామం తరగతులకి పాటలు పెట్టే స్పీకరు ఆ గదిలోనే ఉంది. టెక్నీషియన్ వైరు తగిలించాడు. చీటీల బాబాయ్ బేస్‌ని గుండెకి ఆనించుకుని, కళ్లు మూసుకుని, ఎంతో ఇష్టంగా మొదటి తీగ మీటాడు.

బురదలో పడుకున్న గేదె ఒళ్లు విరుచుకున్నట్టు ఒక శబ్దం వచ్చింది. రెండోది దానికంటే పెద్ద గేదె. కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి. వంటాయన గరిటెతోనే ఒక చెవి మూసుకున్నాడు.

ఆయన కళ్లు తెరిచాడు. "స్పీకరు పాడైనట్టుంది."

టెక్నీషియన్ వంగి మీటలు చూశాడు. "బాబాయ్, ఇంట్లో ఈ కుడి మీట ఎక్కడ పెట్టేవాడివి?"

"సున్నా మీద. వచ్చినప్పుడు అలాగే ఉంది. అనవసరంగా తిప్పవద్దని దాంతో వచ్చిన పుస్తకంలో రాశారు. నేను ముట్టుకోలేదు."

"అది నీ తీగల గొంతు. ఎడమది ఫోన్లో పాటది."

"అంటే... ఏడు నెలలూ నేను విన్నది?"

"రికార్డులో మనిషిని విన్నావు బాబాయ్. బాగా వాయించాడు కదూ?"

ఎవరూ నవ్వలేదు. సూపరింటెండెంట్ గారు కూడా నవ్వకుండా ఉండటానికి కిటికీలోంచి చెట్టు చూస్తున్నారు.

"ఏమనుకోకు నాయనా," అంటూ పెద్దావిడ లేచి వచ్చింది. "ఆ వేలు అర అంగుళం పైకి జరపాలి. పొద్దున్నుంచి ఆ పలకకి దవడ ఆన్చుకునే ఉన్నాగా, లోపలిదంతా వినపడుతూనే ఉంది. ఏదీ, ఇలా ఇయ్యి."

ఆవిడ ఛాతీకి ఆనించుకుంది, మోకాలు తగిలించింది, చార్టులో ఉన్నట్టే సన్న తీగతో మొదలుపెట్టింది. పాదం నేల మీద కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతోంది. గదిలో దుమ్ దుమ్‌మని ఒక గుండ్రటి శబ్దం బయల్దేరింది. కుట్టు కుట్టుకీ మధ్య ఎంత దూరమో, దెబ్బ దెబ్బకీ మధ్య సరిగ్గా అంతే దూరం. వరండాలో వరసలో ఉన్నవాళ్ల తలలు వాటంతటవే ఊగాయి. టెక్నీషియన్ నోరు తెరిచి చూశాడు.

"పెద్దమ్మా, శనివారం ఖాళీయేనా?"

"చెయ్యి విరిగినప్పట్నుంచి ఖాళీయే బాబూ."

"వెళ్లమనండి. రోజూ రెండు గంటల వ్యాయామం ఆవిడకి ఎలాగూ తప్పదు," అంది ఫిజియోథెరపీ మేడమ్. బేస్ వెనక్కి అడగబోయిన చీటీల బాబాయ్‌కి, నంబరు పడిన వస్తువుని జాబితాలోంచి తీసెయ్యడానికి మూడు నెలలు పడుతుందని సహాయకురాలు వినయంగా గుర్తు చేసింది. అలాంటిదాన్ని రోగితో ఇంటికి పంపడానికి మాత్రం స్టోర్‌కీపర్ సంతకం చాలట. ఆయన అందరి ఎదుటా సంతకం పెట్టాడు.

బృందంలో ఆయన స్థానం మాత్రం ఎక్కడికీ పోలేదు. స్పీకరు మోసేవాడికి నడుం పట్టేసిందని టెక్నీషియన్ ఐదింటికి వచ్చి పిలుచుకెళ్లాడు.