ఇంటర్నెట్‌లో పోచమ్మను వెతికే పద్ధతి

ఒక అనుమానం నన్ను ఎన్నో ఏళ్లుగా తొలుస్తున్నది. చిన్నప్పుడు నాకు తట్టు పోస్తే, తగ్గితే బోనం పెడతానని మా అమ్మ ఎంకపల్లి మెట్ట చెలకల్లోని ఒక పోచమ్మకు మొక్కింది. ఏ పోచమ్మకు? "ఒకదాని చెవిల ఒకటి చెప్పుకున్నట్టు రెండు బండలుంటయి, ఆడ" అని మాత్రం చెప్పి, మొక్కు తీర్చకుండానే కన్నుమూసింది.

వెళ్లి చూస్తే చెలకలు లేవు, ప్రహరీగోడలున్నాయి. అందుకే ఇంటర్నెట్‌ను ఆశ్రయించాను. పాఠకులారా, అడిగింది ఇవ్వకపోవడమే సెర్చ్ ఇంజన్ల గొప్పతనం! అడిగింది ఇవ్వడం దుకాణం పని. మనకేది మంచిదో తానే ఎంచి ఇవ్వడం దైవలక్షణం కాదా?

కాకపోతే అడగడానికో పద్ధతి ఉన్నది. మొదటిది, మర్యాద మానండి. నేను "అయ్యా, నమస్కారం. మాది చేవెళ్ల. తమరు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా కోడలు స్వప్నిక వెనక నిలబడి చదివింది.

"మామయ్యా, అది తహసీల్దార్ కాదు. రెండు ముక్కలు కొట్టుండ్రి, చాలు."

'ఎంకపల్లి పోచమ్మ' అని కొట్టాను. 'ఎంకపల్లిలో విల్లా ప్లాట్లు, ఎయిర్‌పోర్ట్ పక్కనే' అని వచ్చింది!

దీన్ని కరుణ అనక ఏమంటారు? మా పక్కింటి నర్సింహ టమాట ఆకుముడతకు మందు వెతికితే ఫామ్‌హౌస్ వచ్చింది. ముడత రాని టమాట ఎక్కడుంటుంది? టమాటే లేని చోట! మా వియ్యపురాలు చిన్నకూతురికి సంబంధం వెతికితే డూప్లెక్స్ వచ్చింది. పెళ్లికొడుకు ఎప్పుడైనా దొరుకుతాడు, ప్రీలాంచ్ ధర దొరుకుతుందా?

రెండోదీ కోడలే చెప్పింది. వద్దనుకున్న మాట ముందు మైనస్ గుర్తు పెట్టాలట. ప్లాట్లు మైనస్ అన్నాను. విల్లాలు మైనస్, ఫామ్‌హౌస్‌లు మైనస్. తెర తెల్లబోయింది. ప్లాట్లు తీసేస్తే ఎంకపల్లే మిగలలేదు!

మూడోది, మైనస్‌లు చెరిపి ఫోటోలు చూడమన్నది కోడలు. ఒక వెంచర్ ప్రకటనలో సౌకర్యాల కింద క్లబ్‌హౌస్, జిమ్, స్విమ్మింగ్ పూల్, దాని పక్కన పసుపు పూసిన రాయి. వెనక రెండు బండలు, ఒకదాని చెవిలో ఒకటి ఏదో చెబుతున్నట్టు! కింద 'గేటు లోపలే పురాతన అమ్మవారు' అని రాశారు.

మీ ఊరి దేవత కనబడకపోతే బెంగపడకండి. సౌకర్యాల్లో వెతకండి.

అయితే గేటు లోపలికి కొనేవాళ్లకే ప్రవేశం. ప్రకటనలోని నంబరుకు ఫోన్ చేసి కొంటానన్నాను. అమ్మ మొక్కు కోసం ఆడిన అబద్ధం పాపమో పుణ్యమో పెద్దలే చెప్పాలి. మరునాడు పొద్దున్నే వెంచర్ వాళ్ల ఏసీ కారు మా ఇంటి ముందు ఆగింది. నా భార్య సుగుణమ్మ ఒళ్లో బోనం కుండ పెట్టుకొని వెనక సీట్లో కూర్చున్నది. ప్లాట్లు చూపించే గిరీష్ అద్దంలో నుంచి కుండను చూశాడు.

"ఏ ఫేసింగ్ చూస్తరు సార్, ఈస్టా, నార్తా?"

"అమ్మ ఎటు మొకం పెట్టి కూసున్నదో అటే, బిడ్డా," అన్నది సుగుణమ్మ.

బండల దగ్గర ఆమె బోనం దించి దీపం వెలిగించింది. నా కళ్లు ఎందుకో మసకబారాయి. గిరీష్ కాసేపు అటూ ఇటూ చూసి, బూట్లు విప్పి దండం పెట్టుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, బుకింగ్ ఎప్పుడు పెట్టుకుందామన్నాడు.

"మా బాకీ తీరింది బిడ్డా," అన్నది సుగుణమ్మ. "ఇగ ఇంటికాడ దించు."